కుక్కను వదిలేసే రోజు ఒక్కరోజులో రాదు

"మీ కుక్క కనబడటం లేదేంటండీ?" అని అడిగితే వచ్చే జవాబులు నాలుగైదే. ట్రాన్స్‌ఫర్ అయింది. ఓనరు ఒప్పుకోలేదు. పాపకి కుక్క వెంట్రుకలు పడటం లేదు. కరిచేస్తోంది. చూసుకునేవాళ్లు లేరు. ఒడిశాలో మన తెలుగువాళ్లుండే ఊళ్లలో, బరంపురంలో అడిగినా, పర్లాకిమిడిలో అడిగినా, గుణుపురం, రాయగడ, జయపురం దాకా వెళ్లి అడిగినా ఇవే మాటలు. వీటిలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఇవన్నీ చివరి రోజు చెప్పే కారణాలు. ఆ రోజుకు ముందు ఆరు నెలలో, ఏడాదో ఆ ఇంట్లో ఏం జరిగిందో నిదానంగా అడిగితే ఇంకో కథ బయటికొస్తుంది. అందులో ఆ కుక్కను నిలబెట్టుకోగలిగిన సందర్భాలు ఒకటికి రెండు కనబడతాయి. నాకు ముఖ్యమనిపించేది ఆ ముందు కథే.

అమెరికాలో ఈ ప్రశ్న మీద 1990లలో పెద్ద పరిశోధన జరిగింది. అక్కడ కుక్కను ఉంచుకోలేనివాళ్లు దాన్ని షెల్టరుకు తీసుకెళ్లి అప్పగిస్తారు. అలాంటి 12 షెల్టర్లలో పరిశోధకులు కూర్చుని, తెచ్చినవాళ్లని ఎందుకు వదిలేస్తున్నారని అడిగారు. కుక్కలూ పిల్లులూ కలిపి 71 రకాల కారణాలు వచ్చాయి. కుక్కల విషయంలో ముందు వరసలో నిలిచినవి ఇల్లు మారడం, ఇంటి యజమాని ఒప్పుకోకపోవడం, ఖర్చు, తీరిక లేకపోవడం. ఇక్కడి దాకా మన ఊరి జవాబులే. అదే పరిశోధనలో బయటపడిన ఇంకో సంగతి మాత్రం వినండి: అలా వచ్చి చేరిన కుక్కల్లో 96 శాతానికి ఏ శిక్షణా లేదు. కూర్చో అంటే కూర్చోవడం, పిలిస్తే రావడం, తాడు లాగకుండా పక్కన నడవడం, ఇలాంటి చిన్న చిన్నవి కూడా ఎవరూ నేర్పలేదు. నేర్పలేదని వదిలేస్తున్నామని ఎవరూ చెప్పరు. "ఇల్లు మారుతున్నాం" అనే చెబుతారు. మాట వినే కుక్కతో ఇల్లు మారడం వేరు, గుమ్మం తీస్తే రోడ్డు మీదికి దూకే కుక్కతో ఇల్లు మారడం వేరు.

మన దగ్గర కుక్కను వదిలేసేవాళ్లు ఏ కౌంటరు దగ్గరా ఫారం నింపరు. అందుకే ఇంట్లోంచే మొదలుపెట్టి చూడాలి.

కొన్న రోజు ఎవరు అడిగారు, ఎవరు సరేనన్నారు, పని ఎవరి మీద పడింది? ఈ మూడింటికీ ముగ్గురు వేర్వేరు మనుషులైతే ఆ కుక్క మొదటి రోజు నుంచే ఇబ్బందిలో ఉన్నట్టు. సాధారణంగా జరిగేది ఇదే. పిల్లాడు అడుగుతాడు. టెన్త్‌లో మంచి మార్కులొస్తే కొంటానని నాన్న మాట ఇచ్చేస్తాడు. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో బుట్టలో పెట్టుకుని లాబ్రడార్ పిల్లను తెస్తారు. 2017లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. అయినా నెల రోజుల పిల్లలు చేతులు మారుతూనే ఉంటాయి, చిన్నదైతే ముద్దుగా ఉంటుంది కాబట్టి. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఆడుకునే ఆ వారాల్లోనే ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్లకు నొప్పి పుడుతుందో కుక్కపిల్ల నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ పాఠం సగంలో ఆగిపోతుంది. ఏడాది తిరిగాక "కరిచేస్తోంది" అనే మాట పుట్టేది ఒక్కోసారి ఇక్కడే.

తర్వాత ఆ పిల్లాడు ప్లస్ టూకి భువనేశ్వరో, ఇంటర్‌కి విశాఖో వెళ్లిపోతాడు. నాన్న పొద్దున వెళితే రాత్రికి గానీ రాడు. కుక్క అమ్మకు మిగులుతుంది. వద్దు అని మొదటి రోజే చెప్పింది ఆవిడ ఒక్కతే. అన్నం కలిపేది ఆవిడే, ఒంటేలు కడిగేది ఆవిడే, పూజ గదిలోకి రాకుండా కాసేది ఆవిడే, అత్తగారి మడికి అడ్డం రాకుండా చూసేదీ ఆవిడే. అందరికంటే ఆ కుక్క మీద ప్రేమ పెంచుకునేది కూడా చాలా ఇళ్లలో ఆవిడే. చివరికి "ఇంక నా వల్ల కాదు" అన్న మాట ఆవిడ నోట్లోంచి వస్తే, కుక్కను పంపించేసింది అమ్మ అని ఇంట్లో వాళ్లే చెప్పుకుంటారు. ఇది చాలా అన్యాయం. రోజుకు రెండుసార్లు కుక్కను బయట తిప్పే బాధ్యత మగవాళ్లు కూడా పంచుకున్న ఇళ్లలో "నా వల్ల కాదు" అనే మాట రావడం నేను తక్కువగానే చూశాను.

అన్నిటికంటే గట్టి దెబ్బ తగిలేది కుక్కకు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వయసు మధ్య. పాలపళ్లు ఊడి గట్టి పళ్లొచ్చాయి. ఒళ్లు పెరిగింది, లాబ్రడార్ అయితే పాతిక కిలోలు దాటుతుంది. బుద్ధి మాత్రం ఇంకా పిల్లదే. నిన్నటి దాకా పిలిస్తే వచ్చింది, ఇవాళ చెవిన పెట్టదు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఐదు నెలల వయసులో చెప్పగానే కూర్చున్న కుక్కలు ఎనిమిదో నెలకు వచ్చేసరికి తమను పెంచుతున్న మనిషి మాట వినడం తగ్గించాయి. విచిత్రం ఏమిటంటే పరాయి మనిషి చెబితే బాగానే విన్నాయి. మన ఇళ్లలో పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అది కొద్ది నెలల్లో సర్దుకునే దశ. కానీ ఇది దశ అని తెలియని ఇంట్లో "దీనికి పొగరెక్కింది" అంటారు, కొడతారు, కట్టేస్తారు.

కట్టేయడం దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. బరంపురంలో ఇళ్లు ఇరుకు, వాటాలు ఇంకా ఇరుకు, కాబట్టి కుక్క డాబా మీదికి చేరుతుంది. అలాంటి డాబా ఒకటి దగ్గరగా చూస్తే పరిస్థితి చెప్పకుండానే అర్థమవుతుంది. నీళ్ల ట్యాంకు పైపుకు గొలుసు. ఆ గొలుసు ఎంత పొడవుందో అంత మేర సిమెంటు మీద నల్లటి మురికి గీత, గుండ్రంగా. తిరగబడ్డ స్టీలు గిన్నె. మధ్యాహ్నం ట్యాంకు నీడ ఎటు జరిగితే అటు జరిగి పడుకుంటుంది. మనిషి పైకి వెళ్లేది రెండే సార్లు, అన్నం పెట్టడానికి ఒకసారి, బట్టలు ఆరేయడానికి ఒకసారి. ఆ కాసేపట్లో రోజంతటి ఆత్రం చూపిస్తుంది, మీద పడిపోతుంది, తడి చీర లాగేస్తుంది. దాంతో అన్నం గిన్నె దూరం నుంచి నెట్టి కిందికి దిగిపోవడం మొదలవుతుంది. సాయంత్రం నుంచి అరుపులు. రాత్రి పదకొండింటికి పక్కింటాయన కేకలు. వారం తిరక్కుండా ఇంటి ఓనరు వచ్చి ముఖం మాడ్చుకుని నిలబడతాడు. ఆ ఇంట్లో వాళ్లు తర్వాత చెప్పే కారణం "ఓనరు ఒప్పుకోలేదండీ" అని. ఓనరు మొదటి ఆరు నెలలూ ఒప్పుకున్నవాడే.

పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపించడం, రాత్రిళ్లు ఇంట్లో ఓ మూల గోనెపట్టా పరిచి పడుకోనివ్వడం, ఈ రెండు మార్పులు చాలా కుక్కల అరుపును బాగా తగ్గిస్తాయి. అరుపు చెడ్డ గుణం కాదు, రోజంతా ఒంటరిగా ఉన్న జీవం పిలుస్తోందంతే. కుక్కను అదేపనిగా గొలుసుకు కట్టేసి ఉంచి, సరిగ్గా తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో నేరాల జాబితాలో ఉంది. అందులో ప్రత్యేకంగా కుక్క పేరు ఎత్తి మరీ రాశారు. ఈ సంగతి కుక్కను పెంచేవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇల్లు మారడం మన సరిహద్దు జిల్లాల్లో ఇంకో రూపంలో కూడా వస్తుంది. సునాబెడలో హెచ్ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ, దామన్‌జోడిలో నాల్కో అల్యూమినియం కంపెనీ, రాయగడ పక్కన జేకేపూర్‌లో పేపర్ మిల్లు. వీటిల్లో ఉద్యోగాలు చేస్తూ ఏళ్ల తరబడి కాలనీ క్వార్టర్సులో ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో. కాలనీ అంటే పెరడు ఉంటుంది, కంచె ఉంటుంది, మామిడి చెట్టో పనస చెట్టో ఉంటుంది. చుట్టుపక్కలవాళ్లందరూ ఆ కుక్కను పేరుపెట్టి పిలుస్తారు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పటికి కుక్కకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. కొనుక్కున్న ఫ్లాటు విశాఖలో నాలుగో అంతస్తు. ఆ కుక్క పుట్టి బుద్ధెరిగాక మెడలో తాడుతో రోడ్డు మీద నడవలేదు, లిఫ్ట్ ఎక్కలేదు, పెరట్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి ఒంటేలు పోసుకోవడమే దానికి తెలుసు. సామాన్లు లారీకెక్కించే వారం ముందు "దీన్నేం చేద్దాం" అన్న ప్రశ్న వస్తుంది. కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ చూసుకుంటాడులే అని వదిలేసి వెళ్లినవాళ్లున్నారు. కొత్తగా క్వార్టర్లోకి దిగినవాళ్ల గుమ్మం ముందు ఆ ముసలి కుక్క వచ్చి పడుకుంటుంది, ఇల్లు దానిదే కాబట్టి. వాళ్లు తరిమేస్తారు, వాళ్లకేం తెలుసు.

రిటైర్మెంట్ తేదీ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తెలిసిందే. ఆరు నెలల ముందు నుంచి తాడుతో నడిపించడం, వేళకు బయటికి తీసుకెళ్లడం అలవాటు చేస్తే తొమ్మిదేళ్ల కుక్క కూడా నేర్చుకుంటుంది. పెద్ద కుక్క ఏమీ నేర్చుకోదనేది వట్టి అపోహ. ప్రయాణం గురించి భయం అక్కర్లేదు. రైల్లో ఫస్ట్ ఏసీలో కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మనకే కేటాయిస్తే కుక్కను మనతోనే ఉంచుకోవచ్చు, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల కోసం ఉండే పెట్టెలో బుక్ చేయవచ్చు. ఎండాకాలంలో ఆ పెట్టె కంటే ఓ కారు మాట్లాడుకోవడం మంచిది. ఫ్లాటు విషయానికొస్తే, అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని మొత్తంగా నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అద్దె ఇల్లయితే మాత్రం ముందే మాట్లాడి ఒప్పంద పత్రంలో రాయించుకోవడమే దారి. తర్వాత వాదించి గెలిచినా ఆ ఇంట్లో ప్రశాంతంగా ఉండలేం.

జబ్బు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ కారణంగా ఒప్పుకోరు. మన వైపు వాన తగ్గి ఉక్కపోత మొదలైతే కుక్కలకు గోమార్లు పడతాయి, కొందరు పిడుదులంటారు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద బూడిదరంగు గింజల్లా ఉబ్బి వేలాడుతుంటాయి. చేత్తో పీకి కిరోసిన్ గిన్నెలో వేయడం తరతరాల వైద్యం. పీకినంత మాత్రాన పోవు. రక్తం తాగిన ఆడ గోమారు కిందికి రాలి గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి గోడల్ని వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్లీ అదే సంత. ఒకరోజు గోమారు ఒకటి మంచం మీద కనబడుతుంది. చంటిబిడ్డ ఉన్న ఇల్లయితే ఆ క్షణంలోనే నిర్ణయం అయిపోతుంది.

గోమార్ల వల్ల వచ్చే జ్వరం ఇంకో దశ. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ముదిరితే ముక్కులోంచి రక్తం కారుతుంది. రక్తం చూసి ఇంట్లోవాళ్లు ఇది మనకు అంటుతుందని హడలిపోతారు. నిజానికి చాలా సందర్భాల్లో డాక్సీసైక్లిన్ మాత్రలు మూడు నాలుగు వారాలు డాక్టరు చెప్పినట్టు పూర్తిగా వాడితే కోలుకునే జబ్బు అది. నాలుగో రోజు లేచి తిరుగుతోందని మాత్రలు ఆపేస్తారు, అక్కడే తిరగబెడుతుంది. మన చిన్న ఊళ్ల పశువుల ఆసుపత్రులు ముఖ్యంగా ఆవులు, మేకల కోసం పెట్టినవి. రక్తపరీక్షో స్కానింగో కావాలంటే గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి బరంపురమో విశాఖో పరుగెత్తాలి. ఆటో ఎక్కించుకోడు, బస్సు ఎక్కనివ్వరు. రోజు కూలి పోగొట్టుకుని, కారు మాట్లాడుకుని వెళ్లే శక్తి లేనివాళ్లు కుక్కను ప్రేమించనివాళ్లని ఎలా అంటాం? ఈ ఒక్క చోట నేను యజమానిని తప్పుపట్టలేను. జిల్లా కేంద్రంలోనైనా వారానికో రోజు కుక్కలకు రక్తపరీక్ష, ఆపరేషన్ జరిగే ఏర్పాటు ఉంటే చాలా ఇళ్లలో కుక్క నిలుస్తుంది. నెలకోసారి గోమార్ల మందు, చిన్నప్పుడు పార్వో (కుక్కపిల్లలకు ప్రాణం మీదికి తెచ్చే వాంతులు, విరేచనాల జబ్బు) టీకాలు, మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా ఒకసారి. వీటి ఖర్చు జబ్బు వచ్చాక పెట్టే ఖర్చులో చిన్న భాగం.

ఆడకుక్క అయితే ఇంకో చిక్కు. దాదాపు ఆరేడు నెలలకోసారి ఎదకొస్తుంది, వీధిలోని మగకుక్కలన్నీ గేటు దగ్గర బారులు తీరతాయి. చూలు కట్టిందంటే 63 రోజులు అటూ ఇటూగా ఆరో ఏడో పిల్లలు. పిల్లల్ని బుట్టలో పెట్టి గుడి మెట్ల దగ్గర వదిలి వస్తారు, తల్లిని తర్వాత ఎవరికో ఇచ్చేస్తారు. ఒక్క ఆపరేషన్‌తో తీరే సమస్య ఇది. ఆడజీవానికి పిల్లలు పుట్టకుండా చేయడం పాపం అనే మాట పెద్దవాళ్ల నోట వింటుంటాం. కళ్లు తెరవని పిల్లల్ని మెట్ల మీద వదలడం కంటే పెద్ద పాపమా అది?

కూతురు పురిటికి వస్తోందని కుక్కను పంపేయడం మనకు బాగా తెలిసిన సంగతి. ఇక్కడ భయంలో కొంత నిజం ఉంది. పసిబిడ్డనూ కుక్కనూ ఒకే గదిలో ఎవరూ లేకుండా వదలకూడదు, అది ఎంత సాధువైన కుక్క అయినా సరే. నట్టల మందు వేయించడం, టీకాలు సరిచూసుకోవడం, బిడ్డ గదికి ఒక అడ్డం పెట్టుకోవడం, ఇంతే కావలసింది. బిడ్డకు నిజంగా ఉబ్బసం వచ్చి డాక్టరు చెబితే అది వేరే మాట. "వస్తుందేమో" అన్న భయంతో ముందే వదిలేయడం మాత్రం తొందరపాటే.

కరవడం గురించి తేలిగ్గా మాట్లాడలేం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం, కాబట్టి ఇంటి కుక్క గీరినా సరే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అయితే భయం వేరు, గాభరా వేరు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల మీద నిషేధం గురించి రాష్ట్రాలకు లేఖ రాస్తే, రాట్‌వీలర్ లాంటివి ఉన్న ఇళ్లలో టెన్షన్ మొదలైంది. ఆ లేఖలో అప్పటికే పెంచుతున్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని ఉంది, వదిలేయమని ఎక్కడా లేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖనే కొట్టేసింది. 2020లో కరోనా మొదటి రోజుల్లోనూ ఇంతే. కుక్కల వల్ల అంటుతుందన్న పుకారుకు జంతు సంక్షేమ బోర్డు, కాదని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

వదిలేశాక ఏమవుతుందో చాలామంది చూడరు, చూడాలనుకోరు. "ధాబా దగ్గర వదిలాం, తిండికి లోటుండదు." "గుడి దగ్గరైతే ప్రసాదం దొరుకుతుంది." "నది దాటించి వదిలాం, అక్కడ పొలాలున్నాయి." ఇచ్ఛాపురం దాటాక హైవే పక్కన ధాబాల దగ్గర ఇంటి కుక్కను ఇట్టే పోల్చుకోవచ్చు. మెడ చుట్టూ పట్టీ ఉన్నంత మేర బొచ్చు అణిగి ఉంటుంది. వీధి కుక్కలు పడుకునే చోట అది పడుకోదు. కారు ఆగితే చాలు పరుగెత్తుకొచ్చి వెనక తలుపు దగ్గర నిలబడి, దిగినవాళ్ల ముఖం చూసి వెనక్కి వెళ్లిపోతుంది. మళ్లీ ఇంకో కారు. బిస్కెట్ వేస్తే వాసన చూస్తుంది, ధాబా కుక్కలు గుర్రుమంటే వదిలేసి తప్పుకుంటుంది. 2019 పశుగణన ప్రకారం ఒడిశాలో వీధి కుక్కలు 17 లక్షలకు పైనే. అంటే ప్రతి మలుపూ, ప్రతి చెత్తకుప్పా ఇప్పటికే ఏదో ఒక గుంపుది. అక్కడ పుట్టిన కుక్కకు ఆ హద్దులు తెలుసు, ఇంటి కుక్కకు తెలియవు. వీధి కుక్కల్ని పట్టి ఆపరేషన్ చేసినా తిరిగి అదే చోట విడిచిపెట్టాలని 2023 నాటి కేంద్ర జంతు జనన నియంత్రణ నియమాల్లో ఉంది. వీధిలోనే పుట్టి పెరిగిన కుక్క విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, గిన్నెలో పెరుగన్నం తిని పెరిగిన కుక్క సంగతి చెప్పేదేముంది.

ఆకలికి, దాహానికి గురయ్యేలా జంతువును వదిలేయడం అదే 1960 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు, టీ టిఫిన్ ఖర్చు కూడా కాదది. చట్టం మీద ఆశ పెట్టుకునే కంటే మనుషుల మీద పెట్టుకోవడం నయం అనిపిస్తుంది నాకు.

ఉంచుకోలేని పరిస్థితి నిజంగానే వస్తుంది. ఇంట్లో పెద్ద జబ్బు, ఉద్యోగం పోవడం, ఒంటరిగా మిగిలిన ముసలితనం. అలాంటప్పుడు వేరే ఇంటికి ఇవ్వడం తప్పు కాదు, సిగ్గుపడాల్సిన పనీ కాదు. సిగ్గు వల్లే చాలామంది ఎవరికీ చెప్పరు, చివరి వారం దాకా లాగి రాత్రిపూట స్కూటర్ మీద తీసుకెళ్లి వదిలి వస్తారు. కనీసం రెండు నెలల ముందు నలుగురికీ చెప్పండి. పాలవాడికి చెప్పండి, పశువుల డాక్టరుకు చెప్పండి, ఆంధ్రాలో ఉన్న బంధువులకు చెప్పండి. "అన్నయ్యా, మా కుక్కను ఉంచుకోలేకపోతున్నాం, మంచి ఇల్లుంటే చూడండి" అని నోరు తెరిచి అడిగితే ఎక్కడో ఓ పెరడున్న ఇల్లు దొరికే అవకాశం ఉంటుంది. అడిగినవాళ్లకు దాని చెడు కూడా దాచకుండా చెప్పాలి. పిడుగు శబ్దానికి మంచం కింద దూరుతుందని, పిల్లలు తోక లాగితే గుర్రుమంటుందని, దీపావళి రాత్రి కట్టేయకపోతే పారిపోతుందని. దాచిపెట్టి ఇస్తే నెలలో తిరిగొస్తుంది, లేదా ఆ ఇంటి నుంచి రోడ్డు మీదికి వెళుతుంది.

ఇచ్చే ముందు ఒకసారి వాళ్ల ఇంటికి వెళ్లి చూడండి, ఎక్కడ కడతారో, రాత్రి ఎక్కడ పడుకుంటుందో. టీకాల కార్డు, అది తినే గిన్నె, పడుకునే పాత దుప్పటి కుక్కతో పాటే ఇవ్వండి, ఉతకకుండా. మొదటి కొద్ది రోజులు సరిగ్గా తినదని, రాత్రిళ్లు మూలుగుతుందని, తలుపు సందు దొరికితే మీ ఇంటి దారి వెతుక్కుంటుందని వాళ్లకు ముందే చెప్పండి. ఫోన్ నంబరు ఇచ్చి, కుదరకపోతే ఎవరికీ ఇవ్వకుండా, ఎక్కడా వదలకుండా మాకే తిరిగి చెప్పండని మాట తీసుకోండి. వారం తర్వాత మీరే ఫోన్ చేసి, తింటోందా అని అడగండి.